పొందిన జ్ఞానం

చంపావతి విశ్వవిద్యాలయం వీసీ గారు మూడు రోజుల సదస్సుకి వెళ్లి వచ్చినప్పుడల్లా విశ్వవిద్యాలయానికి ఏదో ఒకటి జరిగేది. ఒకసారి యోగా జరిగింది. ఇంకోసారి అన్ని విభాగాల గోడలకీ ఒకే రంగు జరిగింది. ఈసారి ఆయన విమానం దిగగానే రిజిస్ట్రారు గంగాధరం గారికి ఫోను చేసి, "మన పరిశోధన మొత్తం తెరిచేయాలండీ" అన్నారు.

"ఏ గదిలోదండీ?" అన్నారు రిజిస్ట్రారు గారు. ఆయనకి ముందు తాళాలు గుర్తొచ్చాయి.

"అన్నీనూ. ప్రపంచమంతా తెరిచేస్తోంది. ఓపెన్ యాక్సెస్. మనమొక్కళ్లమే మూసుకుని కూర్చున్నాం."

మర్నాడే సర్క్యులరు వచ్చింది. "ప్రజాధనముతో ఉత్పత్తి కాబడిన సమస్త జ్ఞానమును ఎట్టి రుసుము లేకుండా, ఎట్టి అవరోధము లేకుండా ప్రజలందరికీ అందుబాటులోనికి తెచ్చుటకు గౌరవ ఉపకులపతి వారు సంతోషముతో నిర్ణయించియున్నారు" అని అందులో ఉంది. ఓపెన్ యాక్సెస్‌కి తెలుగు మాట వెతకడానికి వేసిన ఉపసంఘం రెండు పూటలు కూర్చుని 'అనిర్బంధ సార్వజనీన ప్రాప్యత' అని తేల్చింది. ఒక్క ఊపిరిలో పలకడం ఎవరివల్లా కాకపోవడంతో నోటితో అందరూ ఓపెన్ యాక్సెస్ అనే అన్నారు. ఫైళ్లలో మాత్రం అది అ.సా.ప్రా. అయింది.

అ.సా.ప్రా. నోడల్ అధికారిగా ఉప గ్రంథపాలకురాలు రౌతు హైమావతిని వేశారు. ఆవిడ ఇరవయ్యారేళ్లుగా ఆ గ్రంథాలయంలో పనిచేస్తోంది. అందులో సగం కాలం థీసిస్ గది ముందు కూర్చుని వచ్చినవాళ్లని వెనక్కి పంపడంతోనే గడిచింది. పర్యవేక్షకుడి లేఖ లేనిదే ఎవరికీ థీసిస్ చూపకూడదన్నది రూలు. ఒకసారి ఒక బడిపంతులు సైకిలు మీద ముప్పై కిలోమీటర్లు తొక్కుకుంటూ వచ్చాడు. తన ఊరి చెరువుల మీద ఎవరో పరిశోధన చేశారట, ఒక్కసారి చూస్తానన్నాడు. ఆ పర్యవేక్షకుడు అప్పటికే చనిపోయి నాలుగేళ్లయింది. లేఖ తెమ్మని చెప్పడానికి హైమావతికి నోరు రాలేదు, అయినా చెప్పింది. ఆ పంతులు సైకిలు తిప్పుకుని వెళ్లిపోవడం ఆమెకి ఇప్పటికీ కళ్లకు కట్టినట్టే ఉంటుంది.

అందుకని సర్క్యులరు రెండుసార్లు చదువుకుంది. తాను చేయాలనుకున్న పనిని చేయమంటూ ఉత్తర్వు రావడం ఆమె సర్వీసులో ఇదే మొదలు. సంతోషంతో పాటు కాస్త భయం కూడా వేసింది.

ముందుగా భౌతికశాస్త్రానికి వెళ్లింది. విభాగాధిపతి నవ్వారు. "మావి ఇరవయ్యేళ్ల నుంచీ నెట్‌లోనే ఉన్నాయి హైమావతి గారూ. కొత్త ఫలితం వస్తే మా ఆవిడకన్నా ముందు ప్రపంచానికి చెప్పేస్తాం."

ఈ సంగతి చెబితే రిజిస్ట్రారు గారు సంతోషిస్తారనుకుంది. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఇప్పటికే తెరిచి ఉన్నదాన్ని మనం తెరిచినట్టు నివేదికలో ఎలా చూపిస్తామమ్మా? ముందు మూయించండి. మూసిన తేదీ ఒకటి, తెరిచిన తేదీ ఒకటి రికార్డులో ఉండాలి."

భౌతికశాస్త్రం వారం రోజులు మూతపడింది. మీ దేశంలో ఏమైనా జరిగిందా, అందరూ క్షేమమేనా అని మూడు దేశాల నుంచి ఉత్తరాలు వచ్చాయి. ఎనిమిదోనాడు వీసీ గారు రిబ్బను కత్తిరించి మళ్లీ తెరిచారు.

తెలుగు శాఖలో ఆచార్య భూషణం గారి గదిలో అడుగు పెట్టడానికి చోటు లేదు. ఆయన రాసిన విమర్శ గ్రంథం ప్రతులు ఏడువందలు గోడ వెంబడి కట్టలు కట్టి ఉన్నాయి.

"నేను ముప్పై ఏళ్ల కిందటే తెరిచేశానమ్మా. నేనే రాసి, నేనే అచ్చు వేయించి, ఊరూరా తిరిగి ఉచితంగా పంచాను. పెళ్లిళ్లకి కానుకగా కూడా ఇచ్చాను. లోపల కవరేమైనా ఉందేమోనని దులిపి చూసి పక్కన పడేశారు. మూసుకుపోయింది పుస్తకం కాదు, పాఠకుడు." ఆయన కళ్లు చెమర్చాయి. వెళ్లేటప్పుడు ఆమె చేతిలో రెండు ప్రతులు పెట్టారు. వద్దనలేకపోయింది.

చరిత్ర శాఖలో ఒక ఆచార్యుల దగ్గర ఎవరూ చూడని శాసనం నకలు ఒకటి ఉంది. పద్దెనిమిదేళ్లుగా దాన్ని పరుపు కింద దాచుకున్నారు. ప్రచురించండి అంటే అదిరిపడ్డారు. "ప్రచురిస్తే అందరికీ తెలిసిపోతుంది కదండీ!"

అర్థశాస్త్రం వారు ఉచితమంటే జనానికి చులకన కనుక ప్రతి వ్యాసానికీ 'వెల: సున్నా' అని ముద్రించాలని, ఆ సున్నాను ఏటేటా సమీక్షించాలని తీర్మానించారు. మేనేజ్‌మెంటు విభాగాధిపతి సెల్‌ఫోను తెరిచి చూపించారు. "ఓ మహాపండితా" అంటూ రోజూ పొద్దున్నే ఆయనకి ఎక్కడెక్కడి పత్రికల నుంచో ఈమెయిళ్లు వస్తున్నాయి. డబ్బు కడితే మర్నాడే వేసేస్తారట. అలా ఆయనవి ఎనిమిది వ్యాసాలు పడ్డాయి, అందులో ఒకటి చేపల జబ్బుల పత్రికలో. "వాళ్లకన్నా ఓపెన్‌గా ఎవరుంటారండీ? ఏం రాశామని కూడా అడగరు" అన్నారాయన గర్వంగా.

కొరుకుడు పడనిది రసాయనశాస్త్రమొక్కటే. ఆచార్య సీతాపతి గారు బీరువా తాళాలు జేబులోంచి తీయనే లేదు. "ఫార్ములాలు బయటికి పోతే బాధ్యత ఎవరిది? మీదా?" అన్నారు. మూడుసార్లు తిరిగాక, నాలుగోసారి ఒక్క థీసిస్ తీసి ఆమె ముందు పడేశారు. తొమ్మిదేళ్ల కిందట ఆయన శిష్యుడొకడు చేసింది.

"ఇది తీసుకెళ్లండి. ఇందులో దొంగిలించడానికి ఏమీ లేదు. ఏవో పల్లెటూళ్ల నీళ్లు."

ఇంతలో రాజధాని నుంచి ర్యాంకుల కమిటీ ఉత్తరం రాసింది. తెరిచామంటున్నారు బాగానే ఉంది, తెరుచుకున్నట్టు ఆధారం ఏమిటి అని అందులో అడిగారు. వెంటనే సమావేశం పెట్టారు.

"తలుపు తీసి ఉంచినంత మాత్రాన అది ప్రవేశం కాదు. ఎవరైనా లోపలికి రావాలి. పాఠకుడు లేని ప్రాప్యత ప్రాప్యతే కాదు" అన్నారు వీసీ గారు. రిజిస్ట్రారు గారు ఈ వాక్యాన్ని ఎర్ర సిరాతో రాసుకున్నారు.

దాంతో ప్రతి పరిశోధనకీ సామాన్య ప్రజల్లోంచి పాతికమంది పాఠకులు ఉండి తీరాలని నిబంధన వచ్చింది. అందుకో రిజిస్టరు పెట్టారు. పేరు, ఊరు, చదివిన పుటలు, పొందిన జ్ఞానం, సంతకం లేక వేలిముద్ర. పాతికమందిని చూపించలేని వారికి ఇంక్రిమెంటు ఆగిపోతుంది.

అంతవరకు పాఠకుడి మొహం చూడని ఆచార్యులు పాఠకుల కోసం రోడ్ల మీద పడ్డారు. భౌతికశాస్త్రం వారు ఆర్టీసీ కాంప్లెక్సులో పాలకొండ బస్సు కోసం నిలబడ్డవాళ్లకి నక్షత్రాల గురించి చెప్పారు. గణితశాస్త్రం వారికి తెలివి ఎక్కువ కనుక క్షవరశాలకి వెళ్లారు; గడ్డానికి సబ్బు పూయించుకున్న మనిషి లేచి పోలేడు. సాయంత్రానికి రిజిస్టర్లు హైమావతి బల్ల మీదికి వచ్చేవి. పొందిన జ్ఞానం గడిలో 'బాగుంది' అని ఒకరు, 'బస్సు వచ్చేసింది' అని ఒకరు, 'మావాడికి అటెండరు పోస్టు ఏమైనా ఉంటే చూడగలరు' అని ఒకరు రాశారు. భూషణం గారి పుస్తకానికి మొదటిసారిగా పాతికమంది పాఠకులు దొరికారు. వాళ్లలో పంతొమ్మిదిమంది ఆయన బంధువులు. మిగతా ఆరుగురూ తనకి తెలియని మనుషులేనని ఆయన హైమావతి దగ్గర ప్రమాణం చేశారు.

అలా రోడ్ల మీద పట్టుకోవడం విశ్వవిద్యాలయం హోదాకి తగదని, పాఠకులనే ఇక్కడికి రప్పిద్దామని వీసీ గారు సార్వజనీన పాఠక మహోత్సవం ప్రకటించారు. పేపర్లలో సగం పేజీ ప్రకటన పడింది. 'మా జ్ఞానం మీ సొత్తు' అని పెద్దక్షరాలు, పక్కన రెండు చేతులూ చాచిన వీసీ గారు. చుట్టుపక్కల మండలాలకి బస్సులు వెళ్లాయి. ఒక్కో పాఠకుడికి పులిహోర పొట్లం, పెరుగన్నం పొట్లం, ఒక టోపీ.

నాలుగువందల మంది వచ్చారు. పదకొండున్నరకల్లా పొట్లాలు విప్పేశారు. సంతకాలు బాగానే సాగుతున్నాయి. హైమావతి బల్లల మధ్య తిరుగుతుంటే రసాయనశాస్త్రం బల్ల దగ్గర ఒకావిడ కనిపించింది. పొట్లం విప్పలేదు. టోపీ పెట్టుకోలేదు. ఆ నీళ్ల థీసిస్ మీదికి వంగి, వేలు కింద పెట్టుకుని అక్షరం అక్షరం చదువుతోంది. గంటసేపు చదివింది. ఆ బల్ల దగ్గర కూర్చున్న కుర్ర లెక్చరరుకి చిరాకు వచ్చింది.

"సంతకం పెట్టేసి వెళ్లమ్మా, వెనకాల క్యూ ఆగిపోయింది."

"ఉండు బాబూ" అందావిడ తల ఎత్తకుండా.

హైమావతి పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆవిడ పేరు సన్యాసమ్మ. రెల్లిగెడ్డ బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. ఎనిమిదో తరగతి దాకా చదివింది.

"అమ్మా, ఇందులో అంకెలున్నాయి గానీ నాకు సరిగ్గా అరదం అవనేదు. రెల్లిగెడ్డ బడి వెనక బోరు, ఏడో నంబరు అనుంది. అది మాదేనేటి?"

హైమావతి పుట తిప్పి చూసింది. పటం ఉంది, బడి గుర్తు ఉంది, దాని వెనక ఏడు అంకె ఉంది. "మీదేనమ్మా."

"దానికెదురుగా నాలుగు పాయింటు రెండు అని రాసున్నారు. ఏటది?"

కుర్ర లెక్చరరు అందుకున్నాడు. "ఫ్లోరైడు. లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు. దాటితే పళ్లు గారపడతాయి, తర్వాత ఎముకలు..." పరీక్షలో జవాబు చెబుతున్నవాడిలా మొదలెట్టి, సగంలో తాను ఎవరితో మాట్లాడుతున్నాడో తెలిసి ఆగిపోయాడు.

సన్యాసమ్మ వేలు ఆ అంకె మీదే ఉంచింది.

"మా బడి పిల్లలందరికీ గారపళ్లే. తోముకోరని మాస్టారు కొడతారు. మా మనవరాలు గంగని నేనూ కొట్టినాను. బొగ్గెట్టి రుద్దినాను, ఉప్పెట్టి రుద్దినాను. నోరంతా పుండయిపోనాది పిల్లకి." ఆవిడ అట్ట మీద సంవత్సరం చూసింది. వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. "నేను అన్నం వొండతన్నది ఆ నీళ్లతోనే."

రిజిస్టరు లాక్కుని పొందిన జ్ఞానం గడిలో గుండ్రటి అక్షరాలతో రాసింది. గడి చాలక పక్క గడిలోకి కూడా రాసింది.

'మా బడి బోరు నీళ్లు తాగకూడదని మీకు తొమ్మిదేళ్ల కిందటే తెలుసు. నాకు ఇవాళ తెలిసింది.'

ఆ మధ్యాహ్నమే అత్యవసర సమావేశం పెట్టారు. రిజిస్టరు వీసీ గారి ముందు ఉంది. అందరూ దాన్ని పాము వైపు చూసినట్టు చూస్తున్నారు.

"మనం ప్రాప్యత కల్పించాం" అన్నారు రిజిస్ట్రారు గారు. "అవగాహన కల్పిస్తామని విధానపత్రంలో ఎక్కడా లేదండి. ఆ పాఠకురాలు విధానాన్ని అతిక్రమించింది."

సీతాపతి గారి మొహం ఎర్రబడింది. "మేమేదో దాచినట్టు మాట్లాడుతున్నారు. ఈ ఫలితాలు అప్పుడే విదేశీ పత్రికలో ప్రచురించాం. చందా కట్టినవాళ్లు ఎవరైనా చదువుకోవచ్చు."

"ఆ పత్రికకి మన గ్రంథాలయానికే చందా లేదండి. ఖరీదెక్కువని మానేశాం" అంది హైమావతి.

వీసీ గారికి నిజంగానే ఆసక్తి కలిగింది. "అంటే మనం రాసింది మనమే చదవలేమా?"

"చదవలేమండి."

"మరి మనమే రాశామని ఎలా తెలుస్తుంది?"

ఈ ప్రశ్నని పరిశీలించడానికి ఒక ఉపసంఘాన్ని వేశారు.

"బోరు సంగతి ఏం చేద్దామండీ?" అంది హైమావతి. "పిల్లలు రేపు కూడా అవే నీళ్లు తాగుతారు."

"అది మన పరిధి కాదమ్మా" అన్నారు సీతాపతి గారు, కానీ ఆమె మొహం వైపు చూడలేదు. "మేం నీళ్లని పరిశోధించాం. ఊరిని కాదు."

రెండు గంటల చర్చ తర్వాత అసలు లోపం ఎక్కడుందో రిజిస్ట్రారు గారే కనిపెట్టారు. ఆ నీళ్లు తాగే మనిషికి ఆ నీళ్ల పరిశోధనని ఇవ్వడమే పొరపాటు. అలాంటి పాఠకులకి స్వప్రయోజనం ఉంటుంది, నిష్పక్షపాతంగా చదవలేరు. సాయంత్రానికి సవరణ టైపయింది. 'పరిశోధనాంశముతో ఎట్టి సంబంధమూ లేని వారు మాత్రమే అ.సా.ప్రా. క్రింద పాఠకులుగా అర్హులు. ప్రతి పాఠకుడూ అర్హతా పత్రమును పూరింపవలెను.' దాని ప్రకారం రైతులకి వ్యవసాయం, రోగులకి వైద్యం, అప్పులున్నవాళ్లకి అర్థశాస్త్రం చూపించకూడదు. తెలుగు విమర్శకి మాత్రం ఇబ్బంది లేదన్నారు, దానితో ఎవరికీ సంబంధం లేదు గనుక. భూషణం గారు లేచి బయటికి వెళ్లిపోయారు.

సవరణ సోమవారం నుంచి అమల్లోకి వస్తుంది. ఆ రోజు శుక్రవారం.

శనివారం పొద్దున్నే హైమావతి ఆ థీసిస్‌లో పటం, పట్టిక, ప్రొఫెసరు సంతకం ఉన్న పుటలు జిరాక్సు తీసి, ప్రతి పుట మీద 'నిజప్రతి' అని గ్రంథాలయం ముద్ర కొట్టి, సంతకం పెట్టి, రెల్లిగెడ్డ బస్సెక్కింది. ఇది ధైర్యమో పిచ్చో ఆమెకే తెలియలేదు. దారి పొడుగునా సర్క్యులరులోని మాటే నెమరువేసుకుంది. ఎట్టి అవరోధము లేకుండా ప్రజలందరికీ. ప్రజలందరికీ అంటే అందులో రెల్లిగెడ్డ కూడా ఉండాలి కదా.

బడి దగ్గర సన్యాసమ్మ, పదిమంది ఆడవాళ్లు, మండల నీటి సరఫరా ఇంజనీరు ఉన్నారు. సన్యాసమ్మే ఆయన్ని పొద్దున్న ఇంటికెళ్లి లాక్కొచ్చింది. ఆయన కాగితాలు తిరగేశారు.

"మా శాఖ ల్యాబు పరీక్ష చేస్తే తప్ప మేం ఒప్పుకోకూడదండి. శాంపిలు పంపిస్తాం. మూణ్నెల్లు పట్టొచ్చు."

"మూణ్నెల్లు ఎవులు తాగుతారు బాబూ, తమరు తాగుతారా?" అంది సన్యాసమ్మ.

హైమావతి సంచిలోంచి పేపరు ప్రకటన తీసి ఆయన ముందు పెట్టింది. రెండు చేతులూ చాచిన వీసీ గారిని ఆయన చూశారు. "ఇది విశ్వవిద్యాలయం ఫలితం. ప్రొఫెసరు గారి సంతకం ఉంది, మా ముద్ర ఉంది. తప్పయితే తప్పని ఒక కాగితం మీద రాసివ్వండి, నేను తీసుకెళ్లి వీసీ గారికి చూపిస్తాను."

రాసివ్వడమనే మాట వినగానే ఇంజనీరు గారు మెత్తబడ్డారు. మధ్యాహ్నానికి ఎర్ర రంగు డబ్బా వచ్చింది. ఏడో నంబరు బోరుకి రంగు పూసి, పంపు పిడి ఊడదీసి పట్టుకెళ్లారు. పట్టికలో పదకొండో నంబరు, గెడ్డ వాగు అవతల బోరు, పాయింటు ఆరు అని ఉంది. మంచినీళ్లు. వంటకి నీళ్లు ఇకపై అక్కడి నుంచి ఆటోలో డ్రమ్ముల మీద తేవాలని ఆడవాళ్లు అక్కడికక్కడే అనుకున్నారు.

గంగ ఎర్రబోరు చుట్టూ తిరుగుతూ చూస్తోంది. ఎనిమిదేళ్లుంటాయి. నవ్వితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటోంది. సన్యాసమ్మ ఆ పిల్లని దగ్గరికి లాక్కుని ఆ చెయ్యి తీసేసింది.

"నీ తప్పు నేదే. ఊరికే కొట్టినాను నిన్ను" అంది. హైమావతి అటు తిరిగి బస్సు కోసం చూస్తున్నట్టు నిలబడింది.

సోమవారం ఆమెకి మెమో వచ్చింది. 'మీరు జ్ఞానమును అధికార మార్గమున కాక బస్సు మార్గమున తరలించినట్లు తెలియవచ్చినది' అని మొదలైంది. నోడల్ అధికారి పదవి తీసేశారు. ఆ వారంలోనే ర్యాంకుల కమిటీ వచ్చి రిజిస్టర్లు తిరగేసి, విశ్వవిద్యాలయానికి సార్వజనీనతలో రాష్ట్రస్థాయి రెండో బహుమతి ఇచ్చింది. ఆరువేల సంతకాల్లో తమకి అర్థమైన వాక్యం ఒకటే ఉందని, ఆ పాఠకురాలిని అభినందిస్తున్నామని నివేదికలో రాసింది. దాంతో హైమావతిని సస్పెండు చేయడానికి వీలు లేకపోయింది. ఏం చేయాలో తోచక ఆమెని పాత కుర్చీలోనే, థీసిస్ గది ముందు కూర్చోబెట్టి, అర్హతా పత్రాలు నింపించే పని అప్పగించారు. ఆ నీళ్ల థీసిస్ ఉన్న బీరువా తాళం ఆమె దగ్గరే ఉండిపోయింది. వెనక్కి తీసుకోవాలంటే ముందు తాళాల వాపసు విధానం ఒకటి తయారు కావాలి.

ఆ తర్వాతి గురువారం పది గంటలకి ఆరుగురు ఆడవాళ్లు వచ్చారు. రెల్లిగెడ్డ చుట్టుపక్కల ఊళ్లవాళ్లు. ఆ పట్టికలో పద్నాలుగు బోర్లున్నాయని సన్యాసమ్మ చెప్పిందట.

"మా బోరు ఏ నంబరో సూసి సెప్పమ్మా" అంది ముందున్నావిడ.

హైమావతి అర్హతా పత్రం ఇచ్చింది. మూడో గడిలో 'పరిశోధనాంశముతో మీకు సంబంధము ఉన్నదా? ఉన్నచో వివరములు' అని ఉంది. ఆవిడ చదివించుకుని వింది.

"ఇక్కడ లేదు అని రాయాలమ్మా" అంది హైమావతి నెమ్మదిగా. "ఉందని రాస్తే చూపించకూడదన్నారు."

"నేదని ఎలగ రాస్తాను తల్లీ?" అని ఆవిడ కలం తీసుకుంది. నాలికని పంటి కింద పెట్టుకుని, అక్షరాలు కూడబలుక్కుంటూ రాసింది. మిగతా అయిదుగురూ ఒకరి తర్వాత ఒకరు అదే చూసి రాశారు. రాయడం రానావిడ పక్కావిడ చేత రాయించి వేలిముద్ర వేసింది.

'ఉంది. తాగుతున్నాం.'

హైమావతి ఆరు పత్రాలూ చదివింది. ఒక్కోదాని మీదా 'అర్హత పరిశీలించబడినది' అని ముద్ర కొట్టి, తేదీ వేసి, లేచి బీరువా తెరిచింది.